గంగి తాగిన నీళ్లు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికి ఏ జబ్బు చేసినా ముందు గుర్తుకొచ్చేది గొర్రె మందే. మా ఇంటాయన కాలికి మేకు దిగితే గొర్రెల పుండ్లకు పూసే నీలిమందు పూసుకుని, ఆ నీలం కాలుతోనే ఒక పెళ్లికి కూడా పోయి వచ్చాడు. మా అత్తకు మోకాలు పట్టేస్తే, కుంటే గొర్రెకు కట్టే ఆకునే తనకూ కట్టుకునేది. నాకు తలనొప్పి వచ్చిందంటే మాత్రం దానికి మందే లేదనేది. తలలతో కుమ్ముకునే పొట్టేళ్లకే లేని నొప్పి నీకెక్కడిది అని ఆమె వాదన. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, గొర్రెలు కాసే ఇంటికే కోడలిగా వచ్చిన నాకు, లోకంలో నాలుగు కాళ్లున్న ప్రతిదీ కొంచెం తేడాతో గొర్రెలాగే కనిపించేది. అలాంటి నా చేతిలో ఒక కుక్క పడింది. ఆ తేడా ఎంతో పాపం అది తన ఒంటి మీదే నాకు నేర్పవలసి వచ్చింది.

తెలంగాణ వచ్చి రెండు మూడేళ్లయి ఉంటుంది. నాకు ముప్పై దాటాయో లేదో. (నా వయసు నాకు సరిగా తెలియదు. ఆధార్ కార్డు ప్రకారం నేను జనవరి ఒకటిన పుట్టాను. మా వాడకట్టులో సగం మంది ఆ రోజే పుట్టారు.) మాది కొల్లాపూర్ దిక్కు ఒక చిన్న ఊరు. వరికోతలయ్యాక మందను తోలుకుని హాలియా దిక్కు పోతాం. అక్కడంతా సాగర్ కాల్వ కింద పొలాలు. కోసిన మళ్లలో మా గొర్రెలు మేస్తాయి, మంద పడుకున్న చోట పొలానికి ఎరువు దొరుకుతుంది, ఆసాములు మాకు గింజలిస్తారు. ఆ ఏడు ఎండాకాలంలో ఒక పొద్దున నీళ్లకని కాల్వ గట్టెక్కితే, లోపల ఒక కుక్క కొట్టుకుపోతూ కనిపించింది. కాల్వకు రెండు పక్కలా సిమెంటు. అది ఎక్కబోతుంది, గోళ్లు జారుతాయి, మళ్లీ నీళ్లలో పడుతుంది. మెడకు తెగిన తాడు ముక్క ఉంది, అంటే ఎవరో కట్టి సాకి, తర్వాత వద్దనుకున్నారన్నమాట. నా దగ్గర తాడు లేదు, కట్టె లేదు. భుజాన మా ఇంటాయన గొంగడి ఉంది. దాన్నే ఒక కొస పట్టుకుని కిందికి వదిలాను. కుక్క రెండో కొసను పళ్లతో పట్టుకుంది. నేను పైకి, అది కిందికి. చివరికి కుక్క పైకొచ్చింది గానీ, దాని నోట్లో గొంగడి ముక్క జానెడు మిగిలింది.

ఆ గొంగడి మా మామ బతికున్నప్పుడు నేయించింది. మా ఇంటాయన దాన్ని రెండు చేతులా పట్టుకుని చిరుగులోంచి ఒకసారి నన్ను చూశాడు, ఒకసారి కుక్కను చూశాడు.

"గొంగడి మా నాయినది. గీ కుక్క ఎవలది?"

"మనదే."

"ఎప్పటి సంది?"

"గిప్పటి సంది."

ఆయన గొంగడిని మడిచి పక్కన పెట్టాడు. కాల్వలో దొరికింది కదా, గంగి అని పేరు పెట్టాను. వానలు పడగానే మందతో పాటు అదీ మా ఊరికి నడిచి వచ్చింది.

ఊరికి వచ్చిన నెలకు మొదలైంది కథ. గంగి తాగడం మొదలుపెట్టింది. నీళ్లే. గిన్నె నింపితే గిన్నె ఖాళీ. గొర్రెల తొట్టి దగ్గర నిలబడితే గొర్రెలు పక్కకు జరిగి చూస్తుండేవి. తాగిన దానికి తగ్గట్టు వాకిట్లో పది చోట్ల మూత్రం పోసేది. మనిషి మాత్రం, అదే, కుక్క మాత్రం రోజురోజుకూ చిక్కిపోతోంది. పక్కటెముకలు చీర కుచ్చిళ్లలా లెక్కపెట్టుకునేటట్టు అయ్యాయి. మంద లేచినా అది లేవదు. లేస్తే మళ్లీ నీళ్ల దగ్గరికే. చిక్కిన గొర్రెపిల్లకు ఏం చేస్తామో దానికీ అవన్నీ చేశాను. జొన్న గటక మెత్తగా పిసికి పెట్టాను. ఎండలో కూర్చోబెట్టాను. ఊళ్లోకి పశువుల దవాఖాన వాళ్లు వచ్చి గొర్రెలకు పురుగుల మందు తాపిన రోజు, గంగిని కూడా కాళ్ల మధ్య ఇరికించుకుని వరుసలో నిలబెట్టాను. మందు తాపే మనిషి తల దించుకుని గొట్టం నోట్లో పెట్టడం, వీపు మీద ఎర్రరంగు గీత గీయడం, తర్వాతి దాన్ని పట్టుకోవడం, అలా పోతున్నాడు. గంగి నోట్లోకీ గొట్టం పోయింది, వీపు మీదా గీత పడింది. అది అరిచాక గానీ ఆయన తలెత్తి చూడలేదు.

మా అత్త వాకిట్లో కూర్చుని ఇదంతా చూస్తూ ఉండేది.

"దాని కడుపుల బొక్క వడ్డదే. ఎన్ని పోసినా నిలుస్తలేవ్. గది గొర్లకు అంటుకుంటే నూరు జీవాలు పోతయ్. ఆలోచన చెయ్."

"అంటుకోదత్తా."

"నీకెవలు చెప్పిన్రు?"

నాకెవరూ చెప్పలేదు. అదే చిక్కు. మా ఇంటాయన ఆ రోజు అన్నం తిని చేయి కడుక్కుంటూ తన మాట చెప్పాడు. ఆయన గట్టిగా అరిచే మనిషి కాదు. మెల్లగా చెప్తాడు, కానీ మార్చుకోడు.

"వరికోతలైనంక మళ్ల హాలియా పోతం. అప్పటికి మంచిగైతే మందతోని నడుస్తది. లేకుంటే యాడ దొరికిందో ఆ కాల్వ కాడనే ఇడిసిపెడ్త. రోగమున్నదాన్ని మందల తిప్పలేను."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఆ నూరు గొర్రెలే మా ఇల్లు, మా పొలం, మా బ్యాంకు. అయితే మనసులో ఒకటి అనుకున్నాను. కాల్వలోంచి నేను దాన్ని తీసింది మళ్లీ కాల్వ దగ్గర పెట్టడానికి కాదు. వరికోతలకు ఇంకా మూడు నెలలున్నాయి. మూడు నెలల్లో ఒక కుక్కను బాగు చేయలేనా?

మండలంలో పశువుల దవాఖానకు గంగిని ఆటోలో తీసుకుపోయాను. డాక్టరు సారు కొత్తగా వచ్చినవాడు, చిన్న వయసు. గంగిని బల్ల మీద నిలబెట్టి చూస్తూ వీపు దగ్గర ఆగాడు.

"గీ ఎర్ర గీత ఏందమ్మా?"

"మందు తాపిన గుర్తు సారు."

"ఏం మందు?"

"గొర్లకు తాపిందే. గిది గూడ వరుసల నిలవడ్డది."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "గొర్రె మందు కుక్కకు తాపుతరా? కొన్ని మందులు పాణం మీదికి తెస్తయ్. ఇంకోసారి తాపితే రంగు దానికి కాదు, మీ చేతులకేస్త." తర్వాత కనురెప్పలు లాగి చూశాడు, కడుపు నొక్కాడు, ఏం పెడుతున్నానని అడిగాడు. జొన్న గటక, అంబలి, ఎప్పుడన్నా గుడ్డు అన్నాను. నీళ్ల సంగతి చెప్పాను. ఆయన మొహం కొంచెం మారింది.

"ఇన్ని నీళ్లు తాగుతాందంటే రెండిట్ల ఒకటని అనుమానం. షుగరన్న ఉండాలె, కిడ్నీలన్న పాడై ఉండాలె. ఏదైనా గాని బతికినన్ని రోజులు ఉండే జబ్బే."

"కుక్కకు షుగరేంది సారు? అది చాయ్ గూడ తాగదు."

ఆయన నవ్వలేదు. రక్తపరీక్ష చేయాలి, అది ఇక్కడ కాదు, హైదరాబాద్‌లో అన్నాడు. ఎంతవుతుందని అడిగాను. ఆయన చెప్పిన మాటను నేను మనసులోనే గొర్రెల్లోకి మార్చుకున్నాను. రెండు పొట్టేలు పిల్లలు, రానుపోను ఖర్చులకు ఇంకో దాని వెనక కాలు. గొంగడి పోయిన ఇంట్లో, కుక్క కోసం పొట్టేళ్లు అమ్ముదామని నోరెత్తే ధైర్యం నాకు లేదు. నా మొహం చూసి సారుకు అర్థమైనట్టుంది. సరే, ముందు ఖర్చు లేనివి చేద్దామన్నాడు. ఒకటి, రోజుకు ఎన్ని నీళ్లు తాగుతుందో పదిహేను రోజులు కొలిచి రాసుకురావాలి. రెండు, వచ్చే రోజు తెల్లవారి పోసే మొదటి మూత్రం శుభ్రమైన సీసాలో తేవాలి, తన దగ్గర పరీక్ష చేసే పట్టీలున్నాయి. మూడు, ఆశ వదలొద్దు. మూడోది నాకు చెప్పనక్కర్లేదు. మొదటిది మాత్రం కష్టం. నాకప్పటికి రాత రాదు. (అక్షరాలు నేర్చుకున్నది నలభై దగ్గర పడ్డాక, మహిళా సంఘం వాళ్లు పొద్దుటిపూట పెట్టిన బడిలో. నా పక్కన కూర్చున్నామె పలక మీద ‘అ’ రాసి, ఇది మా ఆయన మీసం లాగుందని నవ్వేది.) రాత రాదని సారుకు చెప్పడానికి సిగ్గేసి, సరే సారు అని వచ్చేశాను.

రాత రాకపోయినా ఉన్ని వడకడం వచ్చు. నల్ల ఉన్ని దారం ఒకటి తీసి గుంజకు కట్టాను. గంగికి ఒక చెంబు నీళ్లు పోస్తే దారానికి ఒక ముడి. పొద్దు పొడిస్తే ఒక తెల్ల పోగు. తెల్ల పోగుకూ తెల్ల పోగుకూ మధ్య ఎన్ని ముడులుంటే ఆ రోజు అన్ని చెంబులు. తొట్టి మీద బండ మూశాను, దొంగనీళ్లు తాగకుండా.

పదిహేనో రోజుకు దారం నిండింది. ఇక మిగిలింది మూత్రం.

దీనికి నేను అసలు భయపడలేదు. గొర్రె మూత్రం కావాలంటే గొర్రెలు కాసేవాళ్లకు ఒక్క క్షణం పని. ముక్కు రంధ్రాలు వేళ్లతో కాసేపు మూస్తే చాలు, ఊపిరి కోసం పెనుగులాడి వెంటనే పోసేస్తుంది. అదే ధీమాతో తెల్లవారగానే సీసా పక్కన పెట్టుకుని గంగి ముక్కు మూశాను. గంగి నా మొహంలోకి చూసింది. తోక ఊపింది. తర్వాత నోరు తెరిచి హాయిగా ఊపిరి పీల్చుకుంటూ కూర్చుంది. గొర్రె ఎప్పుడూ ముక్కుతోనే పీలుస్తుందనీ, కుక్కకు నోరు కూడా ఉందనీ నాకు ఆ క్షణం దాకా తట్టలేదు. నోరు కూడా మూద్దామని రెండో చేయి పెట్టాను. ఈసారి అది తుమ్మింది. నా మొహమంతా తడిసింది గానీ, అది నాకు కావలసిన తడి కాదు.

మర్నాడు వంటింట్లోంచి పెద్ద గంటె తీసుకుని దాని వెనక బయలుదేరాను. అది కూర్చోగానే కింద గంటె పెట్టాలని నా ఆలోచన. గంగికి అంత సిగ్గుందని నాకు తెలియదు. కూర్చోబోయేది, గంటె చప్పుడుకు వెనక్కి చూసేది, లేచి నడిచేది. నేనూ నడిచేదాన్ని. అలా మా వాడ దాటాం, బోరింగు దాటాం. బోరింగు దగ్గర బిందె నింపుకుంటున్న వరసకు వదినయ్యే ఆమె నన్ను ఆపింది.

"ఏందొదినా, కుక్క ఎంబడి గంటె పట్టుకోని తిరుగుతున్నవ్? బువ్వ పెడ్తున్నవా?"

"పెడ్తలేనొదినా. తీసుకుంటున్న."

"ఏం తీసుకుంటున్నవ్?"

"అది ఇచ్చింది తీసుకుంటున్న, నువ్వు జర అటు జరుగు. అది నిన్ను చూసి సిగ్గుపడ్తాంది."

ఆమె బిందె అక్కడే పెట్టి నా వెనక వచ్చింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు వచ్చారు. జనం పెరిగే కొద్దీ గంగి వేగం పెరిగింది. చివరికి కంది చేను గట్టు మీద, నేను వంగి కూర్చుని అటు ఆకాశంలోకి చూస్తున్నట్టు నటిస్తుంటే, అది ఇక ఆపుకోలేక కూర్చుంది. గంటె నిండింది. వెనక ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. గంటెలోది సీసాలో పోసుకుని, ఆటోలో ఆ సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఎదురుగా ఉన్న ముసలాయన దాన్నే చూస్తూ, "యాడి కల్లు బిడ్డా? మంచి తేటగున్నది" అన్నాడు. అమ్మేది కాదు తాతా అని కొంగు కప్పుకున్నాను. (గంటె సంగతి మా అత్తకు మర్నాటికి తెలిసింది. ఆ రోజు నుంచి అది గంగి పేరున ఉండిపోయింది.)

డాక్టరు సారు పట్టీ ముంచి చూసి, షుగర్ లేదన్నాడు. మూత్రం మాత్రం మరీ నీళ్లలా పలుచగా ఉందన్నాడు. నీళ్ల లెక్క ఏదని అడిగాడు. నేను రవికెలోంచి దారం తీసి బల్ల మీద పెట్టాను. ఆయన కాసేపు దాన్ని చూశాడు.

"ఇదేంది?"

"తెల్ల పోగంటే తెల్లారినట్టు సారు. నల్ల ముడంటే చెంబెడు నీళ్లు."

నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, వేళ్లతో ఒక్కో ముడీ తడుముతూ పైకి లెక్కపెట్టాడు. "ఆరు. ఆరు. ఏడు. గిక్కడేంది, పదకొండు? ఆ తర్వాత మళ్ల ఏడు, ఆరు..." ఇంకా కిందికి పోయి మళ్లీ ఆగాడు. "మళ్ల పదకొండు. గీ రెండు రోజులు మీ ఇంట్ల ఏం జరిగింది?"

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. "ఏం జరగలే సారు. రెండూ ఆదివారాలే."

"ఆదివారం కూర వండుతరా?"

"మాకే ఉండదు సారు. ఆదివారం గొర్లకు ఉప్పు పెట్టే రోజు, గంతే."

ఆయన దారం కింద పెట్టాడు. "ఉప్పు యాడ పెడ్తరు?"

"దొడ్ల బండల మీద. దొడ్డుప్పు పోస్తే వచ్చి నాకుతయ్. వానకాలం కొత్త గడ్డికి కడుపు చెడకుండ."

"మరి కుక్క యాడుంటది?"

"గొర్ల కాడ..." అన్నాను. అంటుంటే నా మాట నాకే వినిపించింది. గొర్రెలు నాకి పోయిన తర్వాత ఆ బండలు కడిగినట్టు మెరుస్తుండడం గుర్తుకొచ్చింది. గొర్రెల నాలుక అంత శుభ్రంగా ఎప్పుడూ నాకదు.

"మిగిలిన రోజులు గూడ ఆరేడు చెంబులంటే ఎక్కువే. తిండిల ఉప్పేస్తున్నరా?"

"తిండిల ఎయ్యను సారు. నాలికె మీద పెడ్త. పొద్దుగాల చిటికెడు, మాపటికి చిటికెడు. బలానికి."

"మొన్న ఏం పెడ్తున్నవని అడిగితే ఎందుకు చెప్పలేదు?"

"మీరు తిండి అడిగిన్రు సారు. ఉప్పు తిండి కాదు గదా."

నేను వెక్కిరింపుకు అన్న మాట కాదది. మా దగ్గర ఉప్పు పెట్టడమంటే ప్రేమ. చిక్కిన పిల్లకు, ఈనిన గొర్రెకు, దారి నడిచి వచ్చిన మందకు మొదట పెట్టేది ఉప్పే. గంగి చిక్కిపోతున్న కొద్దీ చిటికెలు పెంచుతూ వచ్చాను. అది తాగుతున్న కొద్దీ నేను భయపడుతున్నాను, భయపడుతున్న కొద్దీ ఉప్పు పెడుతున్నాను. ఇవన్నీ సారుకు చెప్పలేదు, తల దించుకుని నిలబడ్డాను. ఆయనే మెత్తబడ్డాడు. "ఉప్పే కారణమని ఇప్పుడే అనను. కిడ్నీల అనుమానం ఇంకా ఉన్నది. పదిహేను రోజులు ఉప్పు ముక్క తగలనియ్యొద్దు. గిదే దారం మళ్ల కట్టుకోని రాండ్రి. మూడు నాలుగు చెంబులకు దిగితే మంచిది. దిగకుంటే..." అని బల్ల సొరుగు లాగాడు. కుక్కలకు వేసే పురుగుల గోలీ ఒకటి ఇచ్చాడు, దానికి వీపు మీద గీత అక్కర్లేదని కూడా చెప్పాడు.

ఇంటికి వచ్చి ఉప్పు మీద యుద్ధం ప్రకటించాను. ఆదివారం గొర్రెలు నాకగానే బండలన్నీ బోర్లించాను. మా దొడ్డి ఒక్కటైతే సరిపోయేది. వాడలో ఇంకా నాలుగు దొడ్లు ఉన్నాయి, గంగికి అన్ని తలుపులూ తెలుసు. అందుకని పగలు గుంజకు కట్టేశాను. ఇంట్లో రెండు కుండలు పొయ్యి మీద పెట్టడానికి కట్టెలు చాలవు కాబట్టి ఒక్కటే కుండ, ఉప్పు లేకుండా వండి, ఎవరి పళ్లెంలో వాళ్లు కలుపుకోమన్నాను. మా ఇంటాయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నన్ను చూశాడు.

"కుక్కకు జబ్బు చేస్తే నాకెందుకే పథ్యం?"

"ఉప్పు డబ్బ నీ పక్కకే ఉన్నది. దానికైతే చెయ్యి లేదు."

వారం గడిచింది. ముడులు ఆరు నుంచి దిగడం లేదు. వరికోతలు దగ్గర పడుతున్నాయి, హాలియా ఆసామి అప్పుడే ఫోను చేసి మంద ఎప్పుడు తెస్తారని అడిగాడు. గంగిని ఒళ్లోకి తీసుకుని దాని కళ్లలోకి చూస్తే, ఇది నిజంగా జబ్బేనేమో, నేనే ఉప్పు అనుకుని నన్ను నేను మోసం చేసుకుంటున్నానేమో అనిపించింది. గుంజ దగ్గర కూర్చుని దారం చేతిలోకి తీసుకుని సారు చేసినట్టే ముడి ముడీ తడిమాను. పొద్దున నేను ఇంట్లో ఉన్నప్పటి ముడులు ఒకటి, రెండు. అవి సరిగ్గానే ఉన్నాయి. మధ్యాహ్నం నేను మందతో పోయినప్పుడు దారం మా అత్తకు అప్పగించేదాన్ని. ఆమె వేసిన ముడులు లావుగా, రెండు సార్లు తిప్పి బిగించి ఉంటాయి. అన్నీ అక్కడే ఉన్నాయి, రోజూ నాలుగు.

"అత్తా, నడి పగటీలి నాలుగు చెంబులు తాగుతాందా?"

"తాగింది, కట్టిన. లేనిది కట్టమంటవా?"

"లేదత్తా. ఎందుకు తాగుతాంది అంటున్న."

"నన్నడిగితే ఏమెర్క? డాక్టర్నడుగు."

నేను గంగి మూతి దగ్గరికి వంగి వాసన చూశాను. ఎండు చేప. మా అత్త ఇంటి వెనక దడికి వేలాడదీసుకునే, ఉప్పులో ఊరి ఎండిన చేపలు. తలెత్తి ఆమెను చూశాను. ఆమె అటు తిరిగి పుల్లలు విరుస్తోంది, అప్పటికే విరిచిన పుల్లల్నే మళ్లీ.

"దాన్ని ఇడిసిపెట్టుమన్నది నువ్వే గదత్తా."

"ఇడిసిపెట్టుమన్న. ఉన్నన్ని రోజులు మాడ్చి సంపుమనలేదు." ఆమె మెల్లగా అంది, "చప్పిడి గటక ముందర పెట్టుకోని నా దిక్కు చూస్తది. నా గొంతుల బుక్క దిగుతలేదు. అందుకే ఒక తలకాయ ఏసిన. ఒకటే."

"రోజొకటా?"

"రోజొకటే."

నేను కోప్పడదామనుకున్నాను. కానీ అంత దొంగతనం చేసిన మనిషి ముడి ఒక్కటి కూడా దాచలేదు. చేప పెట్టింది, నీళ్లు పోసింది, పోసినన్నీ నిజాయితీగా కట్టింది. ఆమె పక్కన కూర్చుని సారు చెప్పిందంతా చెప్పాను. ఉప్పు దానికి విషమని, కాల్వ దగ్గర వదిలేయడం కన్నా చేప తలకాయే ముందు చంపుతుందని. ఆమె చేతిలోని పుల్లలు కింద పెట్టింది. తర్వాత లేచి, దడికున్న చేపల దండ తీసి, గంగికి అందనంత ఎత్తున ఇంటి వాసానికి కట్టింది. మర్నాడు నడుము మీద చేతులు పెట్టుకుని నాలుగు దొడ్లకూ తిరిగి వచ్చింది. ఏం చెప్పిందో నేను వినలేదు గానీ, ఆ సాయంత్రానికి నాలుగు దొడ్లలోనూ ఉప్పు బండలు బోర్లపడి ఉన్నాయి. రెండు రోజులకు ముడులు అయిదుకు దిగాయి. తర్వాత నాలుగు. పదిహేనో రోజున, మా అత్త చేతి లావు ముడితో సహా, మూడు.

ఈసారి డాక్టరు సారు దారాన్ని ముందే అడిగి తీసుకున్నాడు. చివరిదాకా తడిమి, గంగి కడుపు నొక్కి, చెవి వెనక గోకాడు. "చానవరకు ఉప్పుదే. అయినా కిడ్నీలు జర బలహీనం ఉండొచ్చు. రక్తపరీక్ష చెయ్యకుండ నేను ఒట్టేసి చెప్పలేను. చేసినా మీకు చెప్పేది గిదే. జన్మల ఉప్పొద్దు, నీళ్లు ఎప్పుడు ముందరుండాలె, మెత్తటి తిండి, ఎండల ఎక్కువ నడిపియ్యొద్దు."

"అంటే మందతోని వస్తదా సారు?"

"మెల్లగ తీస్కపోతే వస్తది."

ఆ మాట అట్లాగే మోసుకొచ్చి మా ఇంటాయన ముందు పెట్టాను. ఆయన ఊఁ అన్నాడు. అవునని కాదు, కాదని కాదు. బయలుదేరే రోజు పొద్దున మంద అంతా దారి మీదికి వచ్చాక కూడా ఆ ఊఁకు అర్థం ఏమిటో నాకు తెలియలేదు. గంగి గుంజ దగ్గరే ఉంది, కట్టు విప్పమంటాడో, తాడుతోనే నడిపించమంటాడో, కాల్వ దాకే అంటాడో. నేను మూటలు సర్దుతూ కావాలనే ఆలస్యం చేస్తున్నాను. ఆయన మూటలన్నీ ఒకసారి ఎత్తి చూసి, "గంగి పిండి యాడ పెట్టినవే? గీ అంబలి పిండిల ఉప్పు కలిసిందా ఏంది?" అన్నాడు.

వేరే పెట్టాను అన్నాను. పోయి గంగి కట్టు విప్పాను.

ఎండ ఎక్కకముందే నడిచి, ఎండ ఎక్కాక చెట్ల కింద ఆగి, మామూలుగా పోయే దానికన్నా రెండు రోజులు ఎక్కువ తీసుకుని హాలియా చేరాం. మంద పెట్టిన పొలం ఆసామి భార్య చెంబు నిండా మజ్జిగ తెచ్చి మా ఇంటాయనకు ఇచ్చింది. ఆయన దాన్ని తాగకుండా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, గిండ్ల ఉప్పేసిన్రా?"

"ఏసిన. ఎండల నడిచొచ్చినవ్, మంచిగుంటది."

"నాకు కాదమ్మా," అన్నాడాయన, కొంచెం ఇబ్బందిగా కుక్క వైపు చూపిస్తూ. "గామెకు పడదు."

గంగి ఇంకో ఆరేళ్లు బతికింది. ఆరు సార్లు కాల్వ దగ్గరికి పోయింది, ఆరు సార్లు మాతో తిరిగి వచ్చింది. పోయింది కూడా ముసలితనంతో, మా అత్త పక్కన ఎండలో పడుకుని. ఆ తర్వాత నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు మందు డబ్బా మీద రాసి ఉన్నదంతా కూడబలుక్కుని చదువుతాను. ఎవరు వాడకూడదో, ఏమేం జరగవచ్చో అన్నీ చదివి, భయం వేసి, డబ్బా మూసి పక్కన పెడతాను. మొన్న మా గొర్రెపిల్ల ఒకటి మేత ముట్టకపోతే ఇద్దరు డాక్టర్లకు ఫోను చేసి, వాళ్లు చెప్పింది కాగితం మీద రాసుకుని, రాసింది మళ్లీ వాళ్లకే చదివి వినిపించి గానీ మందు తాపలేదు. పిల్ల బాగానే ఉంది. నేను చేసిందీ సరైనదే. కానీ అప్పుడప్పుడు కంది చేను గట్టు దాటేటప్పుడు, తెల్లవారుజామున వాడంతా వెనకేసుకుని తిరిగిన ఆ ముప్పయ్యేళ్ల మనిషి గుర్తుకొస్తుంది. ఆమెకు ఒక్క అక్షరం రాదు, చేసినవన్నీ తప్పులే, కుక్కను ముప్పుతిప్పలు పెట్టింది ఆమే. ఇప్పుడు నాకు తెలిసినవన్నీ ఆమెకు చెప్పాలనిపిస్తుంది. చెప్తే వింటుందనుకోను. సరే సరే అని తల ఊపి, నన్ను జర పక్కకు జరగమని, కుక్క వెనక పోతూనే ఉంటుంది.